పక్కన కాస్త చోటు

చూపు లేని అబ్బాయి ఒకడు. తిండికి లేని అబ్బాయి ఇంకొకడు. బడి భాష రాని కొండపిల్లలు కొందరు. విజయనగరం, శ్రీకాకుళం సీమ చదువుల చరిత్రలో మంచి పేజీలన్నీ తిరగేస్తే కనిపించేది వీళ్లే. వీళ్లకి పక్కన కాస్త చోటిచ్చినవాళ్లే.

పొద్దున్న ఎనిమిదిన్నరకి విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడితే ఊరు ఊరంతా బడికి బయల్దేరినట్టే ఉంటుంది. సైకిలుకు ఇద్దరేసి, ఆటోకు పదేసి మంది. పక్కపల్లెల నుంచి బస్సు దిగి, సంచులు ఊపుకుంటూ కోటవైపు నడిచేవాళ్లు ఇంకెందరో. కిక్కిరిసిన ఆటో కదలబోతుంటే ఓ పిల్ల పరుగెత్తుకుంటూ వస్తుంది. చూడబోతే లోపల చీమ దూరే సందు లేదు. అయినా వెనక సీట్లోంచి ఓ గొంతు... 'ఒలే, కాసింత జరగండే!'

అంతే. సంచులు ఒళ్లోకి వస్తాయి. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంటాయి. ఆ పిల్ల ఎక్కేస్తుంది. ఆటో వెళ్లిపోతుంది.

ఆటోలో అంత సులువుగా వినిపించిన ఆ మాట తరగతి గదిలో అంత తేలిగ్గా వినిపించదు. అక్కడ బెంచీకి లెక్కలుంటాయి. మార్కుల లెక్క ఒకటి, బట్టల లెక్క ఒకటి. కులం లెక్క పైకి కనపడకుండా ఇంకొకటి. మాట్లాడే యాస సంగతి సరేసరి. కొత్తగా చేరిన పిల్లాడు గుమ్మంలో నిలబడి ఎవరి పక్కన కూర్చోవాలా అని చూసే ఆ అర నిమిషం... వాడి చదువులో అంతకన్నా కష్టమైన పరీక్ష మరొకటి ఉండదు.

దయగా ఉండమని పిల్లలకు ఎవరు చెప్పరు? నీతి పాఠాలు చెబుతూనే ఉన్నాయి. గోడల మీద సూక్తులూ చెబుతూనే ఉన్నాయి. అయితే దయ చెబితే వచ్చేది కాదనీ, ఎవరో ఒకరు ముందు తాము జరిగి చోటిచ్చి చూపిస్తేనే పక్కవాళ్లు నేర్చుకుంటారనీ ఈ సీమ ఎప్పుడో తెలుసుకుంది. ఆ జాడలు వెతకడానికి విజయనగరం కోటను మించిన మొదటి మజిలీ లేదు.

ఒక్క పిల్లాడి కోసం కళాశాల

కోటకు దగ్గర్లోనే మహారాజా సంగీత నృత్య కళాశాల. సాయంత్రంపూట అటు వెళ్తే ఒక గదిలోంచి వయొలిన్, ఇంకో గదిలోంచి మృదంగం, మరో మూల నుంచి సరళీ స్వరాలు ఒకదాని మీదొకటి పడుతూ వినిపిస్తాయి. 1919లో మొదలైన కళాశాల ఇది. వందేళ్లు ఎప్పుడో దాటేసింది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల, పి.సుశీల లాంటివాళ్లు నేర్చుకున్న చోటు.

ఇంత చరిత్రకూ మొదలు ఒక చూపులేని పిల్లాడు.

విజయనగర సంస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావు. ఆయన కొడుక్కి కళ్లు కనిపించవు. సంగీతమంటే మాత్రం ఇష్టం. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచనలోంచే రాజా విజయరామ గజపతి ఈ కళాశాల పెట్టారని విజయనగరం ఈనాటికీ చెప్పుకుంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రాజుగారు తలచుకుంటే ఓ విద్వాంసుణ్ని పిలిచి, రోజూ జోగారావు ఇంటికి వెళ్లి పాఠం చెప్పి రమ్మంటే సరిపోయేది. ఖర్చు తక్కువ, పుణ్యానికి పుణ్యం. కానీ అప్పుడా అబ్బాయి ఇంట్లో ఓ గదిలో ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవాడు. కళాశాల పెట్టడంతో తోటివాళ్లు దొరికారు. ఆ అబ్బాయి కోసం తెరిచిన తలుపులోంచి వందలమంది లోపలికొచ్చారు. జాలిపడి ఇచ్చేదానికీ పక్కన కూర్చోబెట్టుకోవడానికీ ఉన్న తేడా అదే.

ఆ తలుపులోంచి వచ్చినవాళ్లలో మొదటివాడి కథ మరీ చిత్రం. కళాశాల తెరిచారని తెలిసి విశాఖపట్నం నుంచి 26 ఏళ్ల యువకుడొకడు విద్యార్థిగా చేరదామని వచ్చాడు. అతనికీ చూపు అంతంతమాత్రమే. ఆ లోపం వల్లే బడి చదువు ముందుకు సాగలేదు. ఇంట్లో అన్నగారి దగ్గర వయొలిన్ పట్టాడు. అతని వాయిద్యం విన్న పెద్దలు విద్యార్థిగా చేర్చుకోలేదు... ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా నియమించారు! ఆ యువకుడే ద్వారం వెంకటస్వామినాయుడు. 1936లో నారాయణదాసు తర్వాత ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో ఒంటరిగా కచేరీ చేసి నిలబెట్టిన మహానుభావుడు.

నల్లబల్ల కనిపించని పిల్లలు ఈనాటికీ ప్రతి బడిలోనూ ఉన్నారు. వెనక బెంచీలో కూర్చుని, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి రాసుకుంటారు. 'కాపీ కొడుతున్నాడు సార్' అని పక్కవాడు లేచి చెబితే తన్నులు కూడా తింటారు. కళ్లజోడు కావాల్సిన పిల్లాడికి మొద్దబ్బాయి అన్న పేరు రావడానికి పెద్దగా టైము పట్టదు. వాణ్ని ముందు బెంచీలోకి తీసుకురావడం మాస్టారి పని. పుస్తకం కాస్త వాడివైపు జరిపి పెట్టడం పక్కవాడి పని. ఈ రెండో పని మొదటిదాన్ని చూశాకే వస్తుంది.

వారాల అన్నం

విజయనగరాన్ని విద్యల నగరం అని ఊరికే అనలేదు. 1857లో బడిగా మొదలైన మహారాజా విద్యాసంస్థ 1879లో కళాశాల అయింది. సంస్కృత కళాశాల అంతకుముందే 1860లో వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువు కోసం పిల్లలు ఇక్కడికే చేరేవాళ్లు. చదువు దొరికేది. మరి అన్నం?

దానికి ఆ కాలం కనిపెట్టిన ఉపాయం వారాలు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో... ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే వారం గడిచిపోతుంది. ఒక పిల్లాడి చదువును ఏడు వంటిళ్లు పంచుకునేవన్నమాట. ఆ ఇళ్లలోనూ బడికెళ్లే పిల్లలుండేవాళ్లు. వారాలబ్బాయి తమ పంక్తిలో కూర్చుని తింటుంటే చూస్తూ పెరిగేవాళ్లు. అన్నీ ఆదరంగా పెట్టిన ఇళ్లే అనుకోనక్కర్లేదు. కులం తలుపు దగ్గరే నిలబడేది. మాట విసుర్లూ ఉండేవి. అయినా ఆ ఏడు ఇళ్లే లేకపోతే చాలామందికి చదువే లేదు.

గురజాడ అప్పారావుకు అంతకన్నా మంచి ఆసరా దొరికింది. తండ్రి పోయాక చీపురుపల్లి నుంచి విజయనగరం చేరిన ఆ అబ్బాయిని మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రి తన ఇంట్లోనే ఉంచుకుని భోజనం పెట్టి చదివించారు. ఆ అబ్బాయి 1882లో మెట్రిక్ పాసయ్యాడు. 1884లో అదే ఊళ్లో హైస్కూలు టీచరుగా 25 రూపాయల జీతానికి చేరాడు. తర్వాత కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. మంచి మాస్టారి ఇంట్లో పెరిగినవాడు కాబట్టే కాబోలు, 'కన్యాశుల్కం'లో గిరీశం లాంటి మాస్టారు పిల్లల్ని ఎలా పాడుచేస్తాడో అంత బాగా చూపించగలిగాడు!

అదే బడిలో, అదే తరగతిలో తండ్రి లేని అబ్బాయి ఇంకొకడుండేవాడు. పన్నెండేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఈ ఇద్దరి స్నేహం తెలుగు పిల్లల పుస్తకాలనే మార్చేసింది. ఆ సంగతి కాసేపట్లో.

ఎల్లమ్మ గుడి నుంచి గురువు గడప దాకా

విజయనగరం కథల్లో ఎక్కువమంది చెప్పేది ఘంటసాల కథ. దాన్ని సగమే చెబుతారు. జోలె పట్టి మాధుకరం ఎత్తి సంగీతం నేర్చుకున్నాడని చెప్పి చేతులు జోడిస్తారు. ఆ జోలె ఎందుకు పట్టాల్సి వచ్చిందన్నది రెండో సగం.

చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో ఇల్లు వదిలాడు. 40 రూపాయల ఉంగరాన్ని 8 రూపాయలకు అమ్మేసి విజయనగరం చేరాడు. వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాల్‌ని బతిమాలుకుంటే ఆవరణలో ఉండనిచ్చారు. వారాలు కుదిరాయి. ఒడ్డున పడ్డాననుకున్నాడు.

అంతలోనే తోటి విద్యార్థులు చేసిన తప్పు అతని మీద పడింది. ఉన్న నీడ పోయింది. సంగతి తెలిసి వారాలు పెట్టే ఇళ్లవాళ్లూ రావద్దన్నారు. చేసినవాళ్లు నోరు విప్పలేదు. కుర్రాడు వెళ్లి ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. తరగతిలో ఒక్క గొంతు 'అతను కాదండీ' అని ఉంటే కథ ఎలా ఉండేదో! ఆ మాట అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. దయకు మెత్తదనం చాలదు, కాస్త ధైర్యమూ కావాలి.

ఆ గుడికొచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి కంట పడ్డాడు ఆ కుర్రాడు. సాలూరి చిన్న గురువుగా పేరున్న విద్వాంసుడాయన. సంగతంతా విని, తన ఇంట్లో ఉచితంగా పాఠం చెబుతానన్నారు. రోజూ అన్నం పెట్టే స్తోమత మాత్రం ఆ ఇంటికీ లేదు. అప్పుడు పట్టాడు జోలె. వీధివీధీ తిరిగి తెచ్చుకున్న అన్నాన్ని రెండుపూటలకు సర్దుకునేవాడు. మిగిలింది గుడ్డలో కట్టి పెడితే చీమలు పట్టేవి. గిన్నె కొనుక్కోవడానికి డబ్బుల్లేక మేనమామకు ఉత్తరం రాసి ఓ డబ్బా తెప్పించుకున్నాడు. నాలుగేళ్ల చదువు రెండేళ్లలో పూర్తిచేశాడు.

తర్వాత ఆయన ఏమయ్యారో తెలుగు దేశానికి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకొకటుంది. మద్రాసులో సినిమా సంగీతంలో తీరికలేని రోజుల్లో ఘంటసాలకు సహాయకుడిగా పక్కనే కూర్చుని హార్మోనియం పట్టినవారు పట్రాయని సంగీతరావు. ఆ గురువుగారి అబ్బాయే. గురువు గడపలో దొరికిన చోటును శిష్యుడు మరిచిపోలేదు.

అలాగని ఆకలితో ఉన్న ప్రతి పిల్లాడూ ఘంటసాల కావాలని లేదు. ఎవరికోసం సంగీత కళాశాల పుట్టిందో ఆ జోగారావు గారబ్బాయి ఎంత పెద్ద విద్వాంసుడయ్యాడని ఎవరూ అడగరు. అడగాల్సిన పనీ లేదు. చోటివ్వడానికి గొప్పవాడవుతాడన్న హామీ అక్కర్లేదు.

ఈనాడు వారాల పద్ధతి లేదు. 2003 నుంచి రాష్ట్రంలో బడిలోనే మధ్యాహ్న భోజనం వండి పెడుతున్నారు. అందరూ ఒకే వరసలో, ఒకే అన్నం. పక్కన ఎవరు కూర్చున్నారన్న పట్టింపు లేకుండా తినడం ఒక పాఠమే. దాన్ని పాఠంగా చూసే బడికీ, గంట కొట్టి కంచాలు కడిగించే బడికీ తేడా పిల్లల ముఖాల్లోనే తెలుస్తుంది. వండినావిడ కులం చూసి పక్కకు తప్పుకునే పిల్లాడు ఒక్కడున్నా, ఆ మధ్యాహ్నం మాస్టారు పుస్తకం మూసేసి పిల్లలతో కలిసి పంక్తిలో కూర్చోవాల్సిందే.

యాసకు ఇల్లు కట్టిన మాస్టారు

విజయనగరం నుంచి తూర్పుగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే శ్రీకాకుళం. నాగావళి వంతెన దాటేసరికి మాట తీరే మారిపోతుంది. 'ఏటి', 'ఎల్తన్నావా', 'ఒలమ్మా'... వినడానికి పాటలా ఉంటుంది. ఈ ఊరి పిల్లాడు విశాఖలోనో హైదరాబాద్‌లోనో కాలేజీలో చేరి నోరు విప్పితే మాత్రం మొదట వినిపించేది నవ్వు. సినిమాల్లో పనివాళ్లకూ హాస్యగాళ్లకూ ఈ యాస తొడిగి తొడిగి, అది నవ్వడానికే ఉందన్నంత దాకా తెచ్చారు. వలస కూలీల పిల్లలకైతే ఇది రెండుసార్లు. పనికోసం అమ్మానాన్నలతో చెన్నై వెళ్తే అక్కడ తెలుగు గుంటడని, తిరిగొచ్చి బడిలో చేరితే పాఠాలు మరిచిపోయినవాడని.

నవ్వినవాళ్లు మరుక్షణం మరిచిపోతారు. నవ్వించుకున్నవాడు చెయ్యెత్తడం మానేస్తాడు. తెలిసిన జవాబు కూడా చెప్పడు. అందుకే తరగతిలో మొదటి నవ్వు వినిపించినప్పుడు మాస్టారు ఏం చేశారన్నదే ముఖ్యం. ఆయనా ఓ చిరునవ్వు నవ్వితే పిల్లలకు అనుమతి దొరికినట్టే. విననట్టు ఊరుకున్నా అంతే.

ఈ యాసకు శ్రీకాకుళంలోనే గట్టి జవాబుంది. కథానిలయం. విశాఖపట్నంలో మూడు దశాబ్దాల పాటు బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన గ్రంథాలయం. 'కారా మాస్టారు' అంటేనే అందరికీ తెలుస్తారు. ఆయన 2021లో కన్నుమూశారు. కథానిలయం మాత్రం కథల కోసం వచ్చేవాళ్లకు తలుపు తెరిచే ఉంచింది. రావిశాస్త్రి కథల్లో, కారా మాస్టారి కథల్లో ఈ సీమ మనుషులు తమ మాటే మాట్లాడతారు. నవ్వించడానికి కాదు... బతుకు చెప్పడానికి. తన ఇంట్లో మాట అచ్చులో కనిపించిన పిల్లాడు తలెత్తుకుంటాడు. పక్కవాడి నవ్వు కూడా ఆగుతుంది.

అవతలి ఒడ్డు బడి

ఆ మాటను అచ్చులోకి తెచ్చే పోరాటం మొదలైంది ఇక్కడికి దగ్గర్లోనే. శ్రీకాకుళం నుంచి వంశధార వెంట పైకి వెళ్తే శ్రీముఖలింగం. ఆ క్షేత్రం దగ్గర్లోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు గిడుగు రామమూర్తి. తెలుగు భాషా దినోత్సవం ఆ రోజే. మరికాస్త ముందుకు, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1880లో 30 రూపాయల జీతానికి గిడుగు బడిపంతులుగా చేరింది ఆ ఊళ్లోనే. శ్రీముఖలింగం శాసనాలు చదివి, ఒకప్పటి కళింగనగరం అదేనని చెప్పిన చరిత్ర పంతులు ఆయన.

ఆ పంతులు కొండ దిగొచ్చే సవరల్ని చూశారు. వాళ్లకు తెలుగు రాదు. కిందివాళ్లకు సవర రాదు. బడి ఎటూ వాళ్లది కాదు. లోకం ఇచ్చే సలహా ఒకటే... 'వాళ్లను తెలుగు నేర్చుకోమనండి.' గిడుగు తిరగేసి ఆలోచించారు. తానే సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అదేమంత తేలిక పని కాదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా కుటుంబానిది. సంతాలీ, ముండారీలకు చుట్టం. ఇంకా దూరం వెళ్తే కంబోడియా వాళ్ల ఖ్మేర్‌కూ బంధువే. తెలుగు తెలిసిన సవర ఒకరిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా విని, పలికి, రాసుకున్నారు. ఏళ్లు పట్టింది. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని కూడా ప్రభుత్వమే అచ్చువేసింది.

మన్యం తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. ఎవరూ చెవిన పెట్టని భాషను అంత శ్రద్ధగా విన్న మనిషికి చెవుడు వచ్చింది!

సవర పిల్లాడి భాషను మన్నించిన పంతులే, తెలుగు పిల్లాడికి ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు ఎందుకని నిలదీశారు. 1907లో ఉత్తరాది జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన దొర జె.ఎ.యేట్స్‌కూ అదే అనుమానం వచ్చింది. విజయనగరంలో చిన్ననాటి నేస్తం గురజాడ తోడయ్యారు. వ్యావహారిక భాషోద్యమం అలా రాజుకుంది. పండితుల వాదంగా చెప్పుకుంటారు కానీ, దాని అడుగున ఉన్నది తరగతిలో నోరు మెదపలేని పిల్లాడే. ఒకప్పుడు ఒకే గదిలో చదువుకున్న ఇద్దరు తండ్రిలేని అబ్బాయిలు, ఆ పిల్లాడి కోసం బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. అదే ఏడాది ఒరిస్సా కొండల్లో మంగై గొమాంగో సవరలకు సొంత లిపి తయారుచేశారు. 1940లో గిడుగు కన్నుమూశారు.

కొండపిల్లాడే మాస్టారైన రోజు

పాలకొండ నుంచి సీతంపేట వైపు తిరిగితే రోడ్డు కొండల్లోకి దూరుతుంది. జీడితోటలు, పనసచెట్లు, పోడు చేసిన వాలులు. సంతరోజున చీపురుకట్టలు, చింతపండు, అడ్డాకులు నెత్తినెట్టుకుని సవరలు దిగొస్తారు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరం జిల్లాలో ఉండే సాలూరూ ఇప్పుడు ఈ జిల్లాదే.

ఇక్కడ గూడెం దాటి మొదటిసారి బడికొచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట సవర. మాస్టారు 'నీ పేరేంటి?' అంటే తెల్లబోయి చూస్తారు. రెండోసారి గట్టిగా అడిగితే తలొంచుకుంటారు. వెనకనుంచి నవ్వు. వారం తిరక్కుండా ఆ పిల్లాడు బడికి రావడం మానేసి మేకల వెంట వెళ్లిపోవచ్చు. బడి మానేసినవాళ్ల లెక్కలో ఒక అంకె పెరుగుతుంది. ఎందుకు మానేశాడన్నది ఆ గడిలో పట్టదు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. శ్రీకాకుళం వైపు సవర, విజయనగరం వైపు కువి. తెలుగు లిపిలోనే సవర వాచకాలు వచ్చాయి. గిడుగు పుస్తకాలు అచ్చయిన 1911 నుంచి లెక్కేస్తే 93 ఏళ్లు! ఒక పంతులు తన జీతంతో మొదలుపెట్టిన పని ప్రభుత్వ బడికి చేరడానికి అంతకాలం పట్టింది. అయితే పుస్తకం ఒక్కటే సరిపోదు. ఆ భాష తెలిసిన టీచరుండాలి. లేనిచోట, రెండు భాషలూ తెలిసిన ఒక పిల్లో పిల్లాడో పక్కనుండాలి. మాస్టారు అడిగింది చెవిలో గుసగుసగా చెప్పే నేస్తం దొరికితే కొత్తపిల్లాడు ఆ బడిలో నిలబడతాడు. ఆ గుసగుసను 'క్లాసులో మాటలేంట్రా' అని గద్దించకుండా, 'ఇంకోసారి చెప్పమ్మా, అందరం విందాం' అనడంలోనే ఉంది టీచరు గొప్పతనం.

అమెరికాలో ఇలాంటి చిక్కే వస్తే ఒక ఉపాయం పన్నారు. 1971లో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ మెక్సికన్ పిల్లల్నీ ఒకే బడిలో చేర్చారు. గొడవలు మొదలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త నీతి బోధలేం చెయ్యలేదు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. అన్ని ముక్కలూ కలిస్తేనే పాఠం. ఇంగ్లిష్ తడబడే పిల్లాణ్ని ఎగతాళి చేస్తే వాడి ముక్క పోతుంది, నష్టం తమకే. నవ్వడం మానేసి, ఓపిగ్గా అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టారు. జిగ్‌సా పద్ధతి అని దానికి పేరు.

సీతంపేట కొండల్లో ఆ ముక్కలకు కొదవేముంది? అడవి పాఠం వచ్చిన రోజున, ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో, ఏ దుంప తినొచ్చో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తరగతిలో అందరికన్నా బాగా తెలిసింది ఆ నోరు విప్పని పిల్లాడికే. ఆ ముక్క వాడి చేతిలో పెట్టాలి. ఆ రోజు వాడే మాస్టారు. సవరలో చెట్టు పేర్లు చెబుతుంటే మిగతావాళ్లు తడబడుతూ పలుకుతారు. నవ్వులు వినిపిస్తాయి. ఈసారి వాడూ నవ్వుతాడు.

సాయంత్రం అదే ఆటో

గిడుగు కాలంలో పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చింది. 1900లో నౌపడ నుంచి వేసిన ఆ దారి ఇప్పుడు పెద్దలైను. కొండ నుంచి దిగొచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు, సంతమూటలు అన్నీ ఒకే పెట్టెలో. కూర్చున్నవాళ్లు మూట కాళ్లకిందకు లాక్కుని, పక్కకు జరిగి, 'కూకో బాబూ' అంటారు. ఈ సీమకు ఆ మాట కొత్త కాదు. బడి గుమ్మం దాటి లోపలికి రావడమే దానికి కష్టం.

సాయంత్రం నాలుగున్నరకు విజయనగరం గంటస్తంభం దగ్గర మళ్లీ అదే సందడి. సంగీత కళాశాల వైపు వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుని ఓ కుర్రాడు నడుస్తుంటాడు. పొద్దున్నటి ఆటో పిల్లలతో నిండిపోయి కదలబోతుంటుంది. ఇంకెవరో పరుగెత్తుకొస్తారు.

'ఒలే, కాసింత జరగండే!'

లోపల చోటు పుడుతుంది.

దారి ఇలా...

విశాఖపట్నం నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. రైళ్లూ బస్సులూ ఎక్కువే. కోట, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల నడిచి చూసేంత దగ్గర. అక్కడి నుంచి శ్రీకాకుళం బస్సులో వెళ్లొచ్చు. రైలైతే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. కథానిలయం, అరసవల్లి సూర్యదేవాలయం చూసుకుని శ్రీముఖలింగం, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరొచ్చు. సీతంపేటకు పాలకొండ నుంచి వెళ్లాలి. సంతరోజున వెళ్తే సవర మాట చెవినిండా వినొచ్చు.